ఇంటర్ చివరి ఏడాది: సీటు, ధ్రువపత్రం, ఉపకార వేతనం – ఎక్కడ తప్పిపోతున్నారు?

2024 జూన్ 24, సాయంత్రం 5 గంటలు. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాకు చెందిన ఒక దినసరి కూలీ కుమారుడికి ధన్‌బాద్ ఐఐటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ సీటు వచ్చింది. సీటు అంగీకార రుసుము కింద 17,500 రూపాయలు ఆ గంటలోగా చెల్లించాలి. ఇంట్లో అంత సొమ్ము లేదు. ఊరివారు తలా కొంత సర్దిన డబ్బు చేతికి అందేసరికి గడువుకు కొద్ది నిమిషాలే మిగిలాయి. వివరాలు నింపుతుండగానే 5 గంటలు దాటింది, పోర్టల్ మూతపడింది, సీటు పోయింది. జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయడానికి ఆ విద్యార్థికి ఉన్న రెండు అవకాశాలూ అప్పటికే అయిపోయాయి.

ఆ కుటుంబం జాతీయ ఎస్సీ కమిషన్‌ను ఆశ్రయించింది. ఝార్ఖండ్‌లో న్యాయ సేవల సంస్థ వద్దకు, అక్కడినుంచి మద్రాసు హైకోర్టుకు, చివరకు సర్వోన్నత న్యాయస్థానానికి వెళ్లింది. 2024 సెప్టెంబరు 30న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద తనకున్న విశేషాధికారాన్ని వినియోగించింది. ఇతర విద్యార్థుల సీట్లకు భంగం కలగకుండా అదనపు సీటు కల్పించి ఆ విద్యార్థిని చేర్చుకోవాలని ఐఐటీని ఆదేశించింది. 2021 నవంబరులోనూ దాదాపు ఇటువంటి ఉదంతమే జరిగింది. కార్డు ద్వారా చెల్లింపు విఫలమై బొంబాయి ఐఐటీలో సీటు కోల్పోయిన మరో దళిత విద్యార్థికి అప్పుడు కూడా ఇదే అధికరణం కింద ఊరట లభించింది.

ఇద్దరూ ప్రతిభలో వెనకబడినవారు కారు. ఐఐటీలలో ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు బోధన రుసుము పూర్తిగా మినహాయింపు. అయినా మొదటి చెల్లింపు విద్యార్థి చేతిమీదుగానే జరగాలి, అదీ గడువులోగా. చదువుకు సాయం చేసే ఏర్పాట్లు దేశంలో చాలానే ఉన్నాయి. ఆ సాయం చేరేలోపు దాటవలసిన చిన్న చిన్న మెట్ల దగ్గరే ఎక్కువమంది జారిపోతున్నారు. అందరూ సుప్రీంకోర్టు దాకా వెళ్లలేరు. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం లేదా పన్నెండో తరగతి చదువుతున్నవారు, వారి తల్లిదండ్రులు ముందుగా తెలుసుకోవలసిన సంగతులు ఈ కథనంలో చూద్దాం.

ఫలితాల వరకు ఆగితే ఆలస్యమే

మన ఇళ్లలో తరచుగా వినిపించే మాట, ‘ముందు పరీక్షలు కానీ, తరువాత చూద్దాం’. ఒకప్పుడు ఆ మాట చెల్లింది. మార్కుల జాబితా పట్టుకుని జూన్‌లో కళాశాలకు వెళితే సీటు దొరికేది. ఇప్పుడు ప్రవేశాల క్యాలెండరు చివరి ఏడాది మధ్యలోనే మొదలవుతోంది. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి పరీక్ష క్లాట్ డిసెంబరులో జరుగుతుంది. హైదరాబాదులోని నల్సార్, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం ఆ పరీక్ష ద్వారానే విద్యార్థులను చేర్చుకుంటాయి. జేఈఈ మెయిన్ తొలి విడత జనవరిలో ఉంటుంది, దరఖాస్తులు అంతకు ముందే ముగుస్తాయి. నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశానికి యూపీఎస్సీ ఏటా రెండుసార్లు పరీక్ష నిర్వహిస్తుంది. వార్షిక పరీక్షల ఫలితాలు వచ్చిన నాడు ఈ తలుపుల్లో సగం మూసుకుని ఉంటాయి.

భాష విషయంలోనూ కొన్ని మెలికలున్నాయి. నీట్, జేఈఈ మెయిన్, కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి పరీక్ష సీయూఈటీలను తెలుగు సహా 13 భాషల్లో రాయవచ్చు. కానీ నీట్, జేఈఈ మెయిన్ తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని కేంద్రాల్లోనే లభిస్తుంది. చెన్నైలోనో ముంబయిలోనో ఉంటున్న తెలుగు విద్యార్థి తెలుగులో రాయాలనుకుంటే పరీక్షకు సొంత రాష్ట్రం రావలసిందే. అనువాదంలో సందేహం తలెత్తితే ఆంగ్ల ప్రశ్నే ప్రమాణం. ఇక జేఈఈ అడ్వాన్స్‌డ్ ఆంగ్లం, హిందీల్లో మాత్రమే ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదివినవారు చివరి నెలల్లోనైనా ఆంగ్ల పారిభాషిక పదాలతో పరిచయం పెంచుకోవడం అవసరం.

ఇంటర్ మార్కులకు విలువ లేదనుకోవడం మరో పొరపాటు. ఎన్‌ఐటీల వంటి సంస్థల్లో జేఈఈ మెయిన్ ర్యాంకుతో సీటు పొందాలంటే పన్నెండో తరగతిలో 75 శాతం మార్కులైనా రావాలి, లేదా తమ బోర్డులో అగ్రస్థానాల 20 పర్సెంటైల్‌లోనైనా ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు ఈ పరిమితి 65 శాతం. ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది, తెలంగాణలో లేదు. మంచి ర్యాంకు వచ్చి, బోర్డు పరీక్షను నిర్లక్ష్యం చేసి సీటు చేజార్చుకున్నవారు ఏటా కనిపిస్తూనే ఉంటారు.

పేరు, కులం, ఆదాయం – మూడు కాగితాలు

ఈ భాగాన్ని కొంత నిదానంగా చదవాలని మనవి. మా వార్తా విభాగానికి వచ్చే ప్రశ్నల్లో పరీక్షల గురించి వచ్చేవాటికన్నా కాగితాల గురించి వచ్చేవే ఎక్కువ.

మొదటిది పేరు. తెలుగువారిలో ఇంటిపేరు ముందు వస్తుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా మిగులుతుంది, బ్యాంకు పాసుపుస్తకంలో చివరకు వెళుతుంది. మనిషి ఒక్కరే అయినా యంత్రం దృష్టిలో ముగ్గురు. ఉపకార వేతనాల పోర్టల్ గానీ, ప్రవేశ పరీక్షల సంస్థ గానీ ఆధార్ వివరాలతో పోల్చి చూసినప్పుడు దరఖాస్తు అక్కడే ఆగుతుంది. పుట్టిన తేదీకి, పేరుకు పదో తరగతి మెమోనే ఆధారంగా తీసుకుంటారు కాబట్టి మిగిలినవాటిని దానికి అనుగుణంగా సరిచేయించుకోవాలి. మెమోలోనే తప్పు ఉంటే ఆ సవరణ బోర్డు ద్వారా జరగాలి, దానికి సమయం పడుతుంది. దసరా సెలవుల్లో ఒక పూట కూర్చుని ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

రెండోది కుల ధ్రువపత్రం. రాష్ట్రంలో బీసీ ధ్రువపత్రం ఉంది కదా, ఐఐటీకి, కేంద్రీయ విశ్వవిద్యాలయానికి అదే చెల్లుతుందని చాలామంది భావిస్తారు. చెల్లదు. ఏ, బీ, సీ, డీ, ఈ వర్గాలతో కూడిన రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర ప్రభుత్వ ఓబీసీ జాబితా వేరు. రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు. కేంద్ర జాబితాలో తమ కులం ఉందో లేదో చూసుకుని, కేంద్రం నిర్దేశించిన నమూనాలోనే, సంపన్న శ్రేణికి చెందరని తెలిపే ధ్రువపత్రం తీసుకోవాలి. జేఈఈ వంటి పరీక్షలకు అది ఆ ఏడాది ఏప్రిల్ 1 తరువాత జారీ అయినదై ఉండాలి. నిరుడు తీసుకున్నది పనికిరాదు. కౌన్సెలింగ్ ప్రారంభమయ్యాక మీసేవ కేంద్రం ముందు వరుసలో నిలబడేకన్నా ఏప్రిల్ మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టుకోవడం మేలు.

మూడోది ఆదాయం. ఇక్కడ అంకెలు ఒకేలా కనిపించి అర్థాలు మారుతుంటాయి. ఓబీసీ సంపన్న శ్రేణికి పరిమితి 8 లక్షల రూపాయలు, ఆర్థికంగా బలహీన వర్గాల రిజర్వేషన్‌కూ పరిమితి 8 లక్షలే. అయితే ఓబీసీ ఆదాయ పరీక్షలో జీతాన్ని, వ్యవసాయ ఆదాయాన్ని కలపరు. 2019లో 103వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన ఈడబ్ల్యూఎస్ కోటాలో మాత్రం జీతం, వ్యవసాయం, వ్యాపారం అన్నీ కలిపి లెక్కిస్తారు. పైగా 5 ఎకరాలు, అంతకు మించి సాగుభూమి ఉంటే ఆదాయం ఎంత తక్కువైనా అర్హత ఉండదు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కేంద్ర పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాల్లో పరిమితి 2.5 లక్షలు. ఒక పథకానికి తీసుకున్న ఆదాయ ధ్రువపత్రం మరో పథకానికి సరిపోతుందని ముందే అనుకోరాదు.

ఏ చదువు? ఏ ఉద్యోగం?

ఉన్నత విద్యపై కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం 2021-22లో దేశంలో 4.33 కోట్ల మంది ఉన్నత విద్యలో ఉన్నారు. 18 నుంచి 23 ఏళ్ల వయసు జనాభాతో పోలిస్తే ఈ నమోదు నిష్పత్తి 28.4 శాతం. అంటే ఇంజనీరింగా, వైద్యమా అన్న చర్చ ఎంత బిగ్గరగా సాగినా ఆ వయసు యువతలో అత్యధికులు ఏ కళాశాలలోనూ లేరు. చేరినవారిలోనూ ఎక్కువమంది సాధారణ డిగ్రీల్లో ఉన్నారు. వారి గురించి మాట్లాడేవారే తక్కువ.

సాధారణ డిగ్రీ అంటే చిన్నచూపు అక్కరలేదు. 2022 నుంచి అమల్లోకి వచ్చిన సీయూఈటీ పుణ్యమా అని మారుమూల జూనియర్ కళాశాల విద్యార్థికి కూడా హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఢిల్లీ విశ్వవిద్యాలయం, అనంతపురంలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం ఒకే పరీక్షతో అందుబాటులోకి వచ్చాయి. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. విద్యార్థి పరీక్షకు ఏ సబ్జెక్టులు ఎంచుకోవాలో ఆయా విశ్వవిద్యాలయం, ఆయా కోర్సు నిర్ణయిస్తాయి. చేరదలచిన కోర్సు నిబంధనలు చదవకుండా తెలిసిన సబ్జెక్టులతో దరఖాస్తు నింపినవారు, పరీక్షలో మంచి స్కోరు తెచ్చుకుని కూడా తాము కోరిన కోర్సుకు అనర్హులవుతున్నారు. ముందు కోర్సు, తరువాత సబ్జెక్టు. దరఖాస్తు నింపవలసిన వరుస ఇది.

విజ్ఞానశాస్త్రంపై నిజమైన ఆసక్తి ఉంటే తిరుపతి సహా దేశంలోని ఐసర్ సంస్థలు తమ సొంత ప్రవేశ పరీక్ష ద్వారా విద్యార్థులను తీసుకుంటాయి. ఉపాధ్యాయ వృత్తి కోరుకునేవారికి ఇంటర్ తరువాత నేరుగా నాలుగేళ్ల సమీకృత బీఈడీ వచ్చింది. డిఫెన్స్ అకాడమీలో సైనిక విభాగానికి ఏ గ్రూపు చదివినవారైనా అర్హులే, వాయుసేన, నౌకాదళాలకు మాత్రం గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం కావాలి. సుప్రీంకోర్టు ఆదేశాల తరువాత బాలికలకూ ఆ ద్వారం తెరుచుకుంది. అకాడమీలో శిక్షణ పూర్తిచేసిన తొలి మహిళా క్యాడెట్ల బృందం 2025 మేలో బయటకు వచ్చింది. కార్మిక మంత్రిత్వ శాఖ 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో వృత్తుల వివరాలు, సలహాలు ఉచితంగా లభిస్తాయి. వేల రూపాయలు తీసుకుని పిల్లవాడి వేలిముద్రలు చూసి భవిష్యత్తు చెబుతామనే వారికన్నా అది ఎంతో నయం.

ఉపకార వేతనం ఖాతాకు ఎందుకు చేరదు?

కేంద్ర ప్రభుత్వ ఉపకార వేతనాల్లో అత్యధికం నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ ద్వారానే లభిస్తాయి. వాటిలో ఇంటర్ ఉత్తీర్ణులందరూ తెలుసుకోవలసినది కేంద్ర రంగ ఉపకార వేతన పథకం. ఇప్పుడు దాన్ని పీఎం-యూఎస్‌పీలో భాగంగా వ్యవహరిస్తున్నారు. ఏటా 82,000 మంది కొత్త విద్యార్థులకు ఇస్తారు, అందులో సగం బాలికలకు. కుటుంబ వార్షిక ఆదాయం 4.5 లక్షలకు మించరాదు. డిగ్రీలో తొలి మూడేళ్లు ఏటా 12,000, పీజీలో ఏటా 20,000 రూపాయలు అందుతాయి. కులంతో నిమిత్తం లేకుండా ఎవరైనా దరఖాస్తు చేయవచ్చు, రిజర్వేషన్లు అందులోనే అంతర్భాగంగా ఉంటాయి.

దీనికి అర్హత 80 పర్సెంటైల్. దాన్ని 80 శాతంగా పొరబడి దరఖాస్తు చేసేవారు, చేయకుండా మానేసేవారు ఇద్దరూ ఉన్నారు. తమ బోర్డులో తమ గ్రూపులో ఉత్తీర్ణులైనవారిలో పై 20 శాతంలో ఉండాలన్నది దాని భావం. మార్కులు ఉదారంగా వేసే బోర్డులో 90 శాతం వచ్చినా ఆ గీత దాటకపోవచ్చు, పొదుపుగా వేసే బోర్డులో 75 శాతంతోనే దాటవచ్చు. మానవీయ శాస్త్రాలు, వాణిజ్య విభాగాలకు వేర్వేరు వాటా ఉంది. సీఈసీ, హెచ్‌ఈసీ చదివినవారు ఇది ఎంపీసీ వారికే అనుకుని వదిలేయడం విచారకరం.

దరఖాస్తు పంపడంతో పని పూర్తికాదు. మొదట కళాశాలలోని నోడల్ అధికారి దాన్ని పరిశీలించి ధ్రువీకరించాలి. ఆపై జిల్లా లేదా రాష్ట్ర స్థాయి పరిశీలన ఉంటుంది. ఎక్కడైనా లోపం కనిపిస్తే ‘డిఫెక్టివ్’ అని తిప్పి పంపుతారు. అది తిరస్కరణ కాదు, సరిదిద్దుకోమన్న సూచన. ఆ సంగతి పోర్టల్‌లోకి వెళ్లి చూసుకునేవారికే తెలుస్తుంది. గడువులోగా సరిదిద్దకపోతే ఆ ఏడాది పోయినట్టే. కళాశాల అధికారి ధ్రువీకరించకపోయినా ఫలితం అంతే. కాబట్టి దరఖాస్తు చేసిన వారం రోజులకు కళాశాల కార్యాలయానికి వెళ్లి మర్యాదగా గుర్తుచేయడంలో తప్పులేదు.

మంజూరయ్యాక కూడా డబ్బు రాలేదనే ఫిర్యాదులు వస్తుంటాయి. చాలా సందర్భాల్లో కారణం బ్యాంకు ఖాతా. ఖాతాకు ఆధార్ ఇచ్చి ఉండటం ఒకటి, ప్రభుత్వ నగదు బదిలీ కోసం ఆ ఖాతాను ఆధార్‌తో సీడింగ్ చేయించడం మరొకటి. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ పట్టికలో ఒక ఆధార్ సంఖ్యకు ఒకే బ్యాంకు నమోదై ఉంటుంది, చివరిగా సీడింగ్ జరిగినది ఏదైతే అది. చిన్నప్పుడు తెరిచి మరచిపోయిన ఖాతా గానీ, సిమ్ కార్డుతో పాటు తెరుచుకున్న పేమెంట్ బ్యాంకు ఖాతా గానీ అక్కడ నమోదై ఉంటే డబ్బు అటే పోతుంది. ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లో బ్యాంకు సీడింగ్ స్థితి చూసుకునే వీలుంది. దానికి నిమిషం కూడా పట్టదు.

ఇంత కట్టుదిట్టం దేనికని అడగవచ్చు. 2023లో అల్పసంఖ్యాక వర్గాల ఉపకార వేతనాలపై కేంద్రం జరిపించిన విచారణలో పరిశీలించిన 1,572 సంస్థల్లో 830 నకిలీవనో, పనిచేయనివనో తేలింది. వాటివల్ల 144.83 కోట్ల రూపాయల నష్టం వాటిల్లిందని అంచనా వేసి కేసును సీబీఐకి అప్పగించారు. ఆ మరుసటి విద్యా సంవత్సరం నుంచి పోర్టల్‌లో ముఖ గుర్తింపుతో కూడిన ఒకసారి నమోదు విధానం వచ్చింది. ఆ 14 అంకెల సంఖ్య చదువు పూర్తయ్యేవరకు పనిచేస్తుంది, దాన్ని భద్రపరచుకోవాలి. దొంగలను ఆపడానికి పెట్టిన గేటు దగ్గర నిజమైన పేద విద్యార్థి మంచి ఫోను లేక ఆగిపోతున్నాడన్నది కూడా వాస్తవమే. కళాశాలలు ఈ నమోదుకు ఒకటి రెండు రోజులు కేటాయిస్తే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

సాంకేతిక కోర్సుల్లో చేరే బాలికలకు ఏఐసీటీఈ ప్రగతి, దివ్యాంగులకు సక్షమ్ పథకాల కింద ఏటా 50,000 రూపాయలు లభిస్తాయి. మౌలిక విజ్ఞానశాస్త్రాలు ఎంచుకుని, బోర్డులో అగ్రస్థాన ఒక శాతంలో ఉన్నవారికి ఇన్‌స్పైర్ ఉపకార వేతనం ఏటా 80,000 రూపాయలు. ఐఐటీల్లో ఏ వర్గం వారికైనా కుటుంబ ఆదాయం లక్ష రూపాయలలోపు ఉంటే బోధన రుసుము పూర్తిగా, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండొంతులు మినహాయిస్తారు. ‘అంత ఫీజు మనవల్ల కాదు’ అని ఐఐటీ సీటు వదులుకోవాలనుకునే తల్లిదండ్రులు ముందు ఈ లెక్క చూడాలి.

అప్పు తప్పనప్పుడు

2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. ర్యాంకింగుల ఆధారంగా ఎంపిక చేసిన నాణ్యమైన విద్యాసంస్థల్లో ప్రతిభతో సీటు పొందిన విద్యార్థికి తాకట్టు, హామీదారు లేకుండా బ్యాంకు రుణమివ్వాలి. ఆరంభంలో ఆ జాబితాలో 860 సంస్థలున్నాయి. కుటుంబ ఆదాయం 8 లక్షల వరకు ఉండి, ఇతర ప్రభుత్వ ఉపకార వేతనం గానీ వడ్డీ రాయితీ గానీ పొందనివారికి 10 లక్షల వరకు రుణంపై చదువుకునే కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. ఆదాయం 4.5 లక్షలలోపు ఉండి సాంకేతిక, వృత్తివిద్యా కోర్సులు చదివేవారికి ఆ కాలంలో పూర్తి వడ్డీని భరించే పథకం ఇదివరకే ఉంది. కళాశాల ఈ జాబితాలో ఉందా లేదా అన్నది సీటు ఎంచుకునే ముందే చూసుకోవాలి. యాజమాన్య కోటాలో చేరి, తరువాత బ్యాంకు చుట్టూ తిరిగితే ప్రయోజనం ఉండదు.

చేరాక మనసు మారితే? యూజీసీ 2018లో జారీచేసిన నిబంధనల ప్రకారం ఏ విద్యాసంస్థా విద్యార్థి అసలు ధ్రువపత్రాలను తన వద్ద ఉంచుకోరాదు. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజుల ముందే వైదొలగితే రుసుము పూర్తిగా, ఆ తేదీ దాటిన 15 రోజుల్లోపైతే 80 శాతం, 30 రోజుల్లోపైతే సగం తిరిగి ఇవ్వాలి. సాంకేతిక కళాశాలలకు ఏఐసీటీఈ నిబంధనలు వర్తిస్తాయి. ‘సర్టిఫికెట్లు మా దగ్గరే ఉంటాయి’ అని ఎవరైనా అంటే ఈ నిబంధన పేరు చెప్పి, రాతపూర్వకంగా అడగవచ్చు. ఏ విశ్వవిద్యాలయమైనా చేరేముందు యూజీసీ ప్రకటించే నకిలీల జాబితాలో దాని పేరు లేదని రూఢి చేసుకోవాలి.

ఫలితాల రోజుల్లో ఇంట్లో మాటలు తగ్గిపోతాయి. పిల్లలు గది తలుపు వేసుకుంటారు, పెద్దలు పక్కింటి మార్కులు వింటారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సహాయ కేంద్రం 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడుతుంది. తప్పినవారికి సప్లిమెంటరీ పరీక్ష ఉంది, అందులో ఉత్తీర్ణులైనవారికి డిగ్రీ ప్రవేశాల తదుపరి విడతల్లో సీట్లు మిగిలే ఉంటాయి. ఈసారి ఉపకార వేతనం అందినవారు కూడా వచ్చే ఏడాది అదే పోర్టల్‌లో మళ్లీ పునరుద్ధరణ దరఖాస్తు పెట్టాలి. కేంద్ర రంగ పథకంలో అందుకు 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి.